లోతు తక్కువ సరస్సులపై హరికేన్ల ప్రభావం: ఓకీచోబీ సరస్సు అనుభవం

తుపాను గాలి సరస్సుపై చూపే ప్రభావం ప్రధానంగా దాని లోతుపై ఆధారపడి ఉంటుంది. లోతైన సరస్సులలో అలల శక్తి పై పొరలలోనే క్షీణిస్తుంది. అడుగున పేరుకొన్న మట్టి చాలావరకు కదలదు. లోతు రెండు మూడు మీటర్లకు మించని సరస్సులలో అదే గాలి నీటిని అడుగుమట్టితో సహా కలియబెడుతుంది. ఇటువంటి సరస్సులలో తుపాను నష్టం గాలి ఆగిన రోజుతో ముగియదు. అది ఎంతకాలం కొనసాగుతుందనేది తుపాను తీవ్రతతో పాటు, అంతకు ముందు దశాబ్దాలలో పొలాల నుండి, పశుక్షేత్రాల నుండి సరస్సులోకి చేరిన పోషకాలపై కూడా ఆధారపడి ఉంటుంది. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో గల ఓకీచోబీ సరస్సు ఇందుకు స్పష్టమైన ఉదాహరణ.

సరస్సు స్వరూపం

ఓకీచోబీ విస్తీర్ణం 1,700 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్నప్పటికీ సగటు లోతు మూడు మీటర్ల లోపే. 1928 సెప్టెంబరులో వచ్చిన హరికేను సరస్సు నీటిని దక్షిణ తీరానికి నెట్టి మట్టికట్టలను తెంచివేయగా సుమారు 2,500 మంది మరణించారు. అటుపిమ్మట సరస్సు చుట్టూ దాదాపు 230 కిలోమీటర్ల పొడవున హెర్బర్ట్ హూవర్ కరకట్ట నిర్మితమైంది.

సరస్సుకు ఉత్తరాన గల కిస్సిమ్మీ నది పరీవాహక ప్రాంతంలో పాడి పరిశ్రమ, పశుగ్రాస భూములు విస్తరించాయి. 1962-71 మధ్యకాలంలో ఆ నదిని తిన్నని కాలువగా మార్చడం వలన వరద మైదానాలలో నిలిచి వడగట్టబడవలసిన నీరు నేరుగా సరస్సుకు చేరసాగింది. ఎరువులు, దాణా, పేడల ద్వారా వచ్చిన భాస్వరంలో అధికభాగం సరస్సు నడిమి బురదలో స్థిరపడింది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త కె. రమేష్ రెడ్డి, ఆయన సహచరులు ఈ బురదలోని భాస్వరంపై విస్తృత పరిశోధనలు జరిపారు. పై 10 సెంటీమీటర్ల పొరలోనే సుమారు 30 వేల టన్నుల భాస్వరం ఉన్నట్లు అంచనా. సరస్సులోకి ఏడాదికి చేరదగిన భాస్వరానికి ప్రభుత్వం విధించిన పరిమితి 140 టన్నులు మాత్రమే. అనగా రెండు శతాబ్దాల పరిమితికి సమానమైన నిల్వ ఆ పలుచని పొరలో ఉన్నది.

మూడు హరికేన్లు, రెండు సంవత్సరాలు

2004 సెప్టెంబరులో ఫ్రాన్సిస్, జీన్ హరికేన్లు మూడు వారాల వ్యవధిలో ఈ ప్రాంతాన్ని తాకాయి. 2005 అక్టోబరులో విల్మా వచ్చింది. వీటి ప్రభావాన్ని మూడు దశలుగా గుర్తించవచ్చు.

మొదటిది గాలి దశ. అలల తాకిడికి బురద లేచి నీటిలో కలిసింది. బురద రేణువులను అంటిపెట్టుకొని ఉన్న భాస్వరంలో కొంత నీటిలో కరిగింది. అంతకు ముందు లీటరుకు సుమారు 100 మైక్రోగ్రాములుగా ఉన్న మొత్తం భాస్వరం 200 మైక్రోగ్రాములు దాటింది. ఆశించిన లక్ష్యం 40 మైక్రోగ్రాములు.

రెండవది వరద దశ. పరీవాహక ప్రాంతంలో కురిసిన వర్షం తరువాతి వారాలలో సరస్సుకు చేరి నీటిమట్టాన్ని పెంచింది. లోతు పెరిగి, మడ్డి కూడా ఎక్కువ కావడంతో సూర్యకాంతి అడుగుకు చేరలేదు. వాలిస్నేరియా, హైడ్రిల్లా, కారా వంటి నీటమునిగి పెరిగే మొక్కలు 2004లో 20 వేల హెక్టార్లకు పైగా ఉండగా, 2006 నాటికి అందులో పదవ వంతు కూడా మిగలలేదు. ఈ మొక్కలు అలల వేగాన్ని తగ్గిస్తాయి, బురదను పట్టి ఉంచుతాయి, చేపపిల్లలకు ఆశ్రయమిస్తాయి. అవి నశించిన పిమ్మట సాధారణ గాలికి సైతం బురద లేవసాగింది. మడ్డి మొక్కలను పెరగనీయదు. మొక్కలు లేనందున మడ్డి తగ్గదు. తుపాను ముగిసినా నష్టం కొనసాగడానికి ఈ విషవలయమే కారణం.

మూడవది నాచు దశ. మడ్డి అధికంగా ఉన్నంతకాలం కాంతి కొరత వలన నాచు కూడా పరిమితంగానే పెరుగుతుంది. నీరు కొంత తేటపడి, వేడిమి పెరిగి, గాలి నిమ్మళించినప్పుడు అందుబాటులో ఉన్న భాస్వరాన్ని నీలి ఆకుపచ్చ నాచు వినియోగించుకొంటుంది. వీటిలో మైక్రోసిస్టిస్ వంటివి కాలేయానికి హాని చేసే విషాలను ఉత్పత్తి చేయగలవు. 2017 సెప్టెంబరులో ఇర్మా హరికేను, 2018 మే నెలలో అధిక వర్షాలు సంభవించగా, ఆ వేసవిలో నాచు సరస్సు ఉపరితలంలో అధికభాగాన్ని కప్పివేసింది.

నీటిమట్టం పెరిగినప్పుడు అధికారులకు మరొక సంకటం ఎదురవుతుంది. కరకట్ట భద్రత కొరకు నీటిని వదిలితే అది సెయింట్ లూసీ, కలూసహాచీ నదీముఖాలకు చేరి ఉప్పదనాన్ని తగ్గిస్తుంది. ఆల్చిప్పలు, సముద్రపు గడ్డి దెబ్బతింటాయి. వదలకపోతే సరస్సులోని మొక్కలు నశిస్తాయి.

కోలుకొన్న విధానం

సరస్సుకు ఊరటనిచ్చినది అనావృష్టి. 2007 జులైలో నీటిమట్టం సముద్రమట్టానికి 8.82 అడుగుల ఎత్తుకు, అప్పటికి నమోదైన కనిష్ఠానికి పడిపోయింది. బయటపడిన తీరంలో కొంతమేర బురదను యంత్రాలతో తొలగించారు. లోతు తక్కువైన నీటిలోకి కాంతి ప్రసరించడంతో ముందుగా కారా, తరువాత ఇతర మొక్కలు తిరిగి మొలకెత్తాయి. అయితే నడిమి బురదలోని భాస్వరం తరిగిపోలేదు. తదుపరి తుపానుకు అది సిద్ధంగానే ఉన్నది.

కొల్లేటికి వర్తించే అంశాలు

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేరు కూడా లోతు తక్కువ మంచినీటి సరస్సే. అదీ బంగాళాఖాతపు తుపానుల మార్గంలో ఉన్నది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు, డెల్టా మురుగు కాలువలు పొలాల నీటిని, చేపల చెరువుల వ్యర్థజలాలను దానికి చేరుస్తాయి. నీరు బయటకు పోవడానికి ఉప్పుటేరు ప్రధాన మార్గం. ఓకీచోబీ గణాంకాలను కొల్లేటికి యథాతథంగా అన్వయించరాదు; విస్తీర్ణం, నీరు నిలిచే కాలం, మట్టి స్వభావం వేరు. అయినప్పటికీ అడుగుమట్టి, కాంతి, మొక్కల మధ్య గల సంబంధం రెండింటా ఒక్కటే.

అందువలన తుపాను సన్నద్ధతను గట్లకు, హెచ్చరికలకు పరిమితం చేయరాదు. భూసార పరీక్షలో భాస్వరం అధికమని తేలిన పొలాలలో ఆ ఎరువు మోతాదును తగ్గించడం, మురుగు కాలువల గట్లపై గడ్డి పట్టీలను పెంచడం, చెరువుల నీటిని బురద తేరిన తరువాతే వదలడం, సరస్సు అంచులలో సహజంగా పెరిగే నీటిమొక్కలను కాపాడడం అవసరం. తుపాను గాలిని నివారించడం మానవ సాధ్యం కాదు. ఆ గాలికి లేచే బురదలో భాస్వరం ఎంత ఉండాలన్నది మాత్రం ఎగువన సాగుచేసే విధానమే నిర్ణయిస్తుంది. ఒకసారి అడుగున చేరిన పోషకాన్ని తొలగించడం కంటే చేరకుండా చూడడమే సులభమని ఓకీచోబీ అనుభవం తెలుపుతున్నది.