ద్రాక్షపందిరి క్రింద జనుము

శ్రద్ధ గల రైతు ద్రాక్షతోటకు పోయి చూచితిమేని, పందిరి క్రింద గడ్డిపోచయైనను కానరాదు. నేల యింటి ముంగిలివలె నుండును. చూచువారు మెచ్చుకొందురు. కాని రైతు సోదరులారా, వానకాలమున ఆ శుభ్రతయే తోటకు చేటు.

వానచినుకు వట్టినేలపై పడినప్పుడు మట్టి చెదరి, సన్నని పొడి నేలలోని సందులను పూడ్చివైచును. పైన బిరుసైన పొర కట్టును. ఆ పిమ్మట కురిసిన నీరు లోని కింకక, మీది మెత్తని మట్టిని కొట్టుకొని పోవును. తీగెకు ఆహారము నందించు సన్నని వేళ్లు పెక్కు పైపొరలయందే యుండును గదా! హైదరాబాదు పరిసరములందలి చల్క నేలలలో సేంద్రియ పదార్థము మొదలే స్వల్పము. పశువుల యెరువు ఏటేట కావలసినంత కొనుటకు అందరికిని శక్తి చాలదు.

దీనికి పచ్చిరొట్ట పైరు పాత యుపాయమే. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమను కృషిశాస్త్రకారుడు కొలుమెల్లా, సారము తగ్గిన ద్రాక్షతోటలకు లూపిన్ అను చిక్కుడుజాతి మొక్క మంచి యెరువని వ్రాసెను. కారణ మాయన యెఱుగడు. ఆ జాతి మొక్కల వేళ్లబుడిపెలలోని సూక్ష్మజీవుల సాయమున గాలిలోని నత్రజని మొక్కకు లభించునని 1886లో జర్మను శాస్త్రజ్ఞుడు హెల్రీగెల్ వెల్లడించెను.

మనకు జనుము చాలును. ఏప్రిలు కత్తిరింపు తరువాత చిగుళ్లు పందిరిని పూర్తిగా కప్పకమునుపే, తొలకరి పదునున వరుసల నడుమ చల్లవలెను. నీడ ముదిరిన పిదప చల్లినచో మొక్క సన్నగిలి వాలిపోవును. పూర్తి చేనికి ఎకరమునకు 12 మొదలు 16 కిలోల విత్తనము పట్టును. వరుసల నడుమ మాత్రమే చల్లుదుము గనుక అందులో కొంత తగ్గును. తీగె మొదళ్ల చుట్టు రెండడుగుల మేర విడిచిపెట్టుడు.

“పైరు తీగె నీటిని త్రాగివేయదా?” యని రైతు లడుగుదురు. త్రాగును. ఆ భయము వట్టిది కాదు. వానలు వెనుకపట్టిన యేడు పైరును ఎదుగనీయక ముందుగనే కోసి, నేలపై పరచుట మేలు. ఆ పరపు ఎండను, చినుకుదెబ్బను ఆపును. వేసవిలో మాత్రము ఈ పైరు జోలికి పోరాదు.

కలియదున్నుటకు అదను ముఖ్యము. విత్తిన 45, 50 దినములకు పూమొగ్గ తొడుగువేళ కాడ లేతగా నుండును, త్వరగా కుళ్లును. ఇంకను పెరుగనిండని ఆశపడి నిలిపినచో కాడ నారబారును. అట్టి కాడను కుళ్లించు సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని నేలనుండియే లాగుకొనును. తీగెకు కొంతకాలము పస్తే. ఆలస్యమైనచో వేఱొక చిక్కును గలదు: అక్టోబరు కత్తిరింపునాటికి నత్రజని విడుదలయై, తీగె గుత్తులకన్న ఆకులమీద మోజుపడును. తేమ యున్నప్పుడు, తీగె వేళ్లు తెగకుండ పైపైన మాత్రమే దున్నవలెను.

జనుమునే యేల యెన్నుకొనవలె ననగా, ద్రాక్షవేళ్లను పట్టి బుడిపెలు కట్టించు కంటికి కానరాని నులిపురుగులు జనుము వేళ్లలో వృద్ధిపొందజాలవు. అలసందలోని పెక్కు రకములు వానికి విందు పెట్టును. పురుగున్న తోటలో అలసంద చల్లుట శత్రువును పెంచుటయే.

బుడిపె చూచి మోసపోరాదు. మొక్కను మెల్లగా పెల్లగించి చూడుడు. మేలుచేయు బుడిపె వేరుప్రక్కన అంటుకొని యుండి, గోటితో గీకిన ఊడివచ్చును. చిదిమిన లోపల గులాబిరంగుగా నుండును. పురుగుబుడిపె వేరే ఉబ్బి యేర్పడినది. వేరు తెగిననే గాని రాదు. అట్టివి ద్రాక్షవేళ్లపై కానవచ్చినచో, వరుసల నడుమ జనుము తప్ప మఱియొకటి చల్లవలదు.