చేప ముక్క అంత త్వరగా ఎందుకు ఉడుకుతుంది?

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే అనంతపురంలోనూ తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు చేరే పెన్నా అహోబిలం జలాశయం ఉంది కాబట్టి, చేపల కూర ఇక్కడ వింతేమీ కాదు. పొట్టేలు మాంసం మెత్తబడడానికి గంట పడుతుంటే, ముల్లు తక్కువుండే జిలేబి చేప ముక్కకు ఓవెన్‌లో పావుగంట చాలు. ఎందుకు? పొట్టేలు తన బరువును కాళ్లమీద మోస్తుంది. అందుకే దాని కండరాలను కొలాజెన్ అనే గట్టి పదార్థం బిగించి పట్టుకుంటుంది. చేప బరువును నీరే మోస్తుంది. దానిలో కొలాజెన్ తక్కువ, ఉన్నదీ కొద్దిపాటి వేడికే కరిగిపోతుంది. ఉడికిన చేప పొరలు పొరలుగా విడిపోయేది అందుకే.

‘ఇంకాసేపు ఉంచితేనే క్రిములు చస్తాయి’ అని ఇంట్లో అనవచ్చు. ఆ జాగ్రత్త అవసరమే. అయితే ముక్క నడిమధ్య వేడి 63 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే చాలు; ఆపైన కండ బిగుసుకుని, నీరు వదిలేసి పిప్పిలా మారుతుంది. గడియారం కన్నా ముక్కనే నమ్మాలి: మందంగా ఉన్నచోట చెంచాతో నొక్కితే గాజులాంటి మెరుపు పోయి, తెల్లటి పొర సులువుగా ఊడిరావాలి. ఓవెన్ లేదా? ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి, మందపాటి గిన్నెలో కాస్త నూనె వేసి, మూతపెట్టి సన్నమంటమీద ఉంచండి. పొయ్యి దగ్గర పెద్దవాళ్లు తప్పక ఉండాలి.