ఒకేసారి ఎనిమిది భాగాలు చెక్కడం ఎలా?

తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఇసుజు వాహనాలు, ఆల్‌స్టామ్ మెట్రో బోగీలు తయారవుతాయి. ఇలాంటి వాటికి ఒకే కొలత లోహపు భాగాలు చాలా కావాలి. వాటిలో కొన్నింటిని కంప్యూటర్ ఆదేశాలతో నడిచే సీఎన్‌సీ మిల్లింగ్ యంత్రం చెక్కుతుంది.

ఒక్కో లోహపు దిమ్మెను విడిగా బిగించి, చెక్కి, తీస్తూ ఉంటే యంత్రం చాలాసేపు ఖాళీగా నిలబడుతుంది. అందుకే బల్లపై, ఉదాహరణకు, ఎనిమిది దిమ్మెలను ఒకేసారి బిగిస్తారు. చెక్కే పనిముట్టు (టూల్) నడిచే దారిని గీసే క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో, ఆ దారిని ఒక్క భాగానికే గీస్తే చాలు, మిగతా ఏడింటికి నకలు అదే వేస్తుంది. ప్రతి దిమ్మెకూ కొలతలు మొదలయ్యే సున్నా బిందువు ఎక్కడుందో యంత్రానికి తెలియాలి. చాలా యంత్రాల్లో ఇందుకు జీ54 నుంచి జీ59 వరకు ఆరు సంకేతాలుంటాయి. అవి చాలకపోతే ఒకే సున్నా నుంచి అన్ని దూరాలూ లెక్కగడతారు.

అసలు లాభం పని వరుసలో ఉంది. ఒక్కో భాగానికి మూడు టూల్స్ కావాలనుకుందాం. భాగం తర్వాత భాగం చెక్కితే టూల్‌ను 24 సార్లు మార్చాలి. ఒక టూల్‌తో ఎనిమిదింటి పనీ ముగించి రెండోది అందుకుంటే 3 సార్లే! చిక్కూ లేకపోలేదు: మధ్యలో టూల్ విరిగి, ఎవరూ గమనించకపోతే చాలా భాగాలు పాడవుతాయి.

ఒక భాగం నుంచి మరోదానికి వెళ్లేటప్పుడు టూల్ బిగింపులకు తగలకుండా పైకి లేవాలి. ఆ ఎత్తు సరిపోతుందో లేదో ముందే తెరపై నడిపించి చూస్తారు.