లేని రాజ్యాన్ని కట్టడమూ కొలువే!

‘సింగరేణి నోటిఫికేషన్‌ ఎప్పుడు పడుతుంది?’ గోదావరిఖని, రామగుండం, మంథనిలో డిగ్రీ, ఇంజినీరింగ్‌ చదివేవారి నోట తరచూ వినిపించే ప్రశ్న ఇది. అడగడంలో తప్పులేదు. కానీ జవాబు మన చేతిలో ఉండదు. ఈ ఎదురుచూపుల మధ్యే మీ చేతిలో ఉన్న పని ఒకటి మొదలుపెట్టొచ్చు. సినిమా, గేమింగ్‌, యానిమేషన్‌ స్టూడియోలకు ఎక్కడా లేని రాజ్యాలను ఉన్నాయని నమ్మించేలా కట్టేవాళ్లు కావాలి. దానికి ముడిసరుకు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. మీ చుట్టుపక్కలే ఉంది.

మాహిష్మతిని ఎందుకు నమ్మాం?

‘బాహుబలి’ తొలి భాగం 2015 జులై 10న, రెండోది 2017 ఏప్రిల్‌ 28న విడుదలయ్యాయి. అందులోని పేర్లు గాల్లోంచి పుట్టినవి కావు. మాహిష్మతి పురాణాల్లో కార్తవీర్యార్జునుడి రాజధాని, నర్మద ఒడ్డున ఉన్న నగరం. కుంతల అనేది కన్నడ నేలలో ఒకప్పటి ప్రాంతం. కుంతలపై దండెత్తే పిండారీలు 19వ శతాబ్దం మొదట్లో మధ్యభారతాన్ని దోచుకున్న ముఠాలు. వేర్వేరు కాలాలు, వేర్వేరు చోట్లు. అయినా తెరమీద ఎక్కడా అతుకు కనిపించలేదు.

కారణం లోపలి లెక్క. మాహిష్మతిలో అంతా భారీగా, బరువుగా ఉంటుంది. రాజు విగ్రహం నిలబెట్టడానికే వందల మంది తాళ్లు లాగాలి. కుంతలలో తెల్లటి భవనం, చిన్న సైన్యం. డైలాగ్‌ వినకముందే ఏది సామ్రాజ్యమో, ఏది పెద్దవాళ్ల మధ్య నలిగే చిన్న రాజ్యమో తెలిసిపోతుంది. ఆ తేడాను గోడల్లో, రంగుల్లో చూపించింది ప్రొడక్షన్‌ డిజైనర్‌ సాబు సిరిల్‌ బృందం. కాలకేయుల కిలికి భాషను సుమారు 750 మాటలతో, వ్యాకరణంతో సహా తయారుచేసిన మదన్‌ కార్కీ చదివింది కంప్యూటర్‌ సైన్స్‌! తొలి భాగానికి ఉత్తమ చిత్రంగా, స్పెషల్‌ ఎఫెక్ట్స్‌కు జాతీయ పురస్కారాలు దక్కాయి.

మనకిది కొత్త విద్యేం కాదు. 1951 నాటి ‘పాతాళ భైరవి’, చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్లు, వాటికి చిత్ర వేసిన బొమ్మలు చేసింది ఈ పనే. 2023లో వచ్చిన ‘దసరా’లోని వీర్లపల్లి కూడా సింగరేణి గనుల పక్కన ఊహించిన ఊరే.

సరిహద్దు సామంతుల కథ మీదే

ఫాంటసీ కథల్లో ఎక్కువగా కనిపించేది సరిహద్దు రాజ్యం. రెండు పెద్ద శక్తుల మధ్య ఉంటుంది. ఎవరికి కప్పం కట్టాలో, ఎప్పుడు ఎదురుతిరగాలో తేల్చుకోలేక సతమతమవుతుంది. అలాంటి నిజమైన కథ మీ నేలమీదే నడిచింది.

12వ శతాబ్దం. పడమర కల్యాణి చాళుక్యులు. దక్షిణాన అనుమకొండలో బలపడుతున్న కాకతీయులు. మధ్యలో పొలవాస పాలకులు. ఆ పొలవాసే జగిత్యాల దగ్గరి నేటి పొలాస. మేడరాజు, జగ్గదేవుడు ఆ వంశం వారే. మంత్రకూటాన్ని, అంటే మన మంథనిని, గుండరాజు ఏలాడు. వీళ్లూ కాకతీయులూ ఒకప్పుడు ఒకే చాళుక్య చక్రవర్తికి సామంతులు. చక్రవర్తి బలం తగ్గగానే ఇరుగుపొరుగు కాస్తా శత్రువులయ్యారు. జగ్గదేవుడు ఏకంగా అనుమకొండనే ముట్టడించి వెనుదిరిగాడు. కాకతీయ రెండో ప్రోలరాజు గుండరాజును ఓడించాడు. ప్రోలరాజు కొడుకు రుద్రదేవుడు పొలవాసను జయించాడు. ఈ విజయాలన్నీ 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనంలో ఉన్నాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ శాసనం వేయించింది గెలిచినవాళ్లు. మరి గుండరాజు తన జనానికి ఏం చెప్పి ఉంటాడు? అనుమకొండ సైన్యం వస్తోందన్న కబురు మంథని అంగట్లోకి చేరిన రోజున ధాన్యం ధర ఎంత పలికి ఉంటుంది? శాసనంలో లేని ఈ జవాబుల దగ్గరే మీ కల్పన మొదలవుతుంది.

నేల కింద, నది అవతల

పొరలు ఇంకా ఉన్నాయి. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో శాతవాహన రాజు సిముకుడి నాణేలతో పాటు గోభద్ర, సమగోప లాంటి స్థానిక పాలకుల నాణేలూ దొరికాయి. అంటే సామ్రాజ్యం రాకముందే ఇక్కడ సొంత నాణెం కొట్టుకున్న చిన్న ఏలికలున్నారు. ధూళికట్ట స్తూపం దగ్గర పడగ విప్పిన ముచిలింద నాగుడి శిల్పం బయటపడింది. సెంటినరీ కాలనీ దాటితే రామగిరి కోట. నది అవతల ఉత్తరాన చాందా గోండు రాజుల చరిత్ర. అటువైపు యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్‌ అనే రాక్షసబల్లి అస్థిపంజరం హైదరాబాద్‌ బిర్లా సైన్స్‌ మ్యూజియంలో నిలబడి ఉంది. డ్రాగన్‌ కోసం పరాయి దేశపు కథలు వెతకాలా?

ఇక బొగ్గు. 1871లో విలియం కింగ్‌ ఇల్లందు ప్రాంతంలో గుర్తించిన ఆ నల్లరాయి మీ ఊళ్ల రూపాన్నే మార్చేసింది. నేల లోపలి సంపద మీద బతికే రాజ్యంలో మొక్కులు ఎవరికి మొక్కుతారు? కప్పు కూలే ముందు బాయిలో ఏం వినిపిస్తుంది? సైరన్‌ మోగాల్సిన టైమ్‌కి మోగకపోతే ఇంట్లో ఆడవాళ్లు ఏం చేస్తారు? వీటికి ఏ స్టూడియో ఆర్టిస్టుకూ జవాబు తెలియదు. మీ నాన్నకు, తాతకు, నాయనమ్మకు తెలుసు. అడిగి రాసుకోండి.

ఒక్క జాగ్రత్త. గోండుల చరిత్రను కిక్రి వాయిస్తూ పాడే ప్రధాన్లు, జన్నారం దగ్గరి హస్తినమడుగు నుంచి గోదావరి జలాన్ని కాలినడకన తెచ్చి కేస్లాపూర్‌ నాగోబాకు అభిషేకించే మెస్రం వంశీయులు కథలో పాత్రలు కారు, సజీవ సమాజాలు. వారి దేవుళ్లను, గుర్తులను తెచ్చి విలన్‌ ముఠాకు తొడగొద్దు. వెళ్లి కలవండి, అడగండి, వద్దంటే వదిలేయండి.

పది పేజీల్లో మీ రాజ్యం

స్టూడియోలు మార్కుల మెమో కంటే ముందు మీ పోర్ట్‌ఫోలియో చూస్తాయి. పది పేజీలు చాలు:

• పేజీ 1: మ్యాప్‌. నది, గుట్ట, బాట, రేవు. ‘లార్డ్‌ ఆఫ్‌ ది రింగ్స్‌’ రాసిన టోల్కీన్‌ కూడా మ్యాప్‌ ముందు పెట్టుకుని దానికి తగ్గట్టు కథ నడిపాడు.
• పేజీలు 2, 3: బతుకుదెరువు. ఏం పండుతుంది, ఏం తవ్వుతారు, సుంకం ఎవరికి పోతుంది?
• పేజీ 4: ఇరుగుపొరుగు. ఎవరితో పొత్తు, ఎవరితో పగ, ఎందుకు?
• పేజీ 5: వందేళ్ల చరిత్ర. గెలిచినవారి మాట ఒకటి, ఓడినవారి మాట ఒకటి.
• పేజీలు 6, 7: పండుగ, తిండి, చావు, పెళ్లి. యుద్ధాల కంటే ఇవే ఎక్కువ నమ్మిస్తాయి.
• పేజీ 8: పేర్లు, తిట్లు, సామెతలు. మీ యాసే మీకు పెట్టుబడి.
• పేజీలు 9, 10: ఒక వీధి, ఒక వస్తువు. బొమ్మగా లేదా త్రీడీలో.

బొమ్మలు రాకపోయినా ఫర్వాలేదు. బొమ్మలేసే దోస్త్‌ను కలుపుకోండి. క్రిటా, బ్లెండర్‌, గోడో ఉచిత సాఫ్ట్‌వేర్లు. 2025లో ఆస్కార్‌ గెలిచిన యానిమేషన్‌ చిత్రం ‘ఫ్లో’ తయారైంది బ్లెండర్‌లోనే.

కొలువు పేరేంటి?

‘రాజ్యం కట్టేవాళ్లు కావలెను’ అని ప్రకటన రాదు. కాన్సెప్ట్‌ ఆర్టిస్ట్‌, ఎన్విరాన్‌మెంట్‌ ఆర్టిస్ట్‌, లెవల్‌ డిజైనర్‌, నరేటివ్‌ డిజైనర్‌, ఆర్ట్‌ డిపార్ట్‌మెంట్‌ అసిస్టెంట్‌ అనే పేర్లతో వెతకండి. చరిత్ర, తెలుగు చదివినవారికి నరేటివ్‌ వైపు, ఇంజినీరింగ్‌ వారికి లెవల్‌ డిజైన్‌ వైపు దారి సులువు.

చదవాలనుకుంటే హైదరాబాద్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో యానిమేషన్‌లో బీఎఫ్‌ఏ ఉంది. ఎన్‌ఐడీ బెంగళూరు క్యాంపస్‌లో డిజిటల్‌ గేమ్‌ డిజైన్‌లో ఎం.డిజైన్‌ ఉంది. ఐఐటీల్లో బి.డిజైన్‌కు యూసీడ్‌, ఐఐటీ హైదరాబాద్‌ సహా ఎం.డిజైన్‌ కోర్సులకు సీడ్‌ రాయాలి. అర్హతలు, తేదీలు ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే సరిచూసుకోండి. ‘వంద శాతం ప్లేస్‌మెంట్‌’ అని లక్షలు అడిగే సంస్థ ఎదురైతే, అక్కడ చదివినవారి షోరీల్స్‌ చూపించమనండి. చూపించలేకపోతే బయటికి నడవండి.

ముందే తెలుసుకోండి

ఈ రంగంలో తొలి జీతాలు తక్కువ. ప్రాజెక్టు ముగిస్తే కొన్నిసార్లు పనీ ముగుస్తుంది. నరేటివ్‌ డిజైనర్‌ పోస్టులు వేళ్లమీద లెక్కపెట్టేన్నే ఉంటాయి. అందుకే పోటీ పరీక్షల పుస్తకాలు మూలన పడేయొద్దు. వారానికి రెండు పూటలు, ఆరు నెలలు కేటాయించండి. పది పేజీలు పూర్తవుతాయి. కొలువు వెంటనే రాకపోయినా పరిశోధన చేయడం, రాయడం, నలుగురితో కలిసి పని ముగించడం వస్తుంది. ఏ ఇంటర్వ్యూలోనైనా చూపించుకునే పని చేతిలో ఉంటుంది.

బొగ్గు తవ్వేకొద్దీ తరిగిపోయేది. మంథని గుండరాజు కథ మాత్రం ఇప్పటిదాకా గెలిచినవాళ్ల రాతలోనే ఉంది. రెండో వైపు నుంచి చెప్పేవాళ్ల సీటు ఖాళీగానే ఉంది. దానికి నోటిఫికేషన్‌ అక్కర్లేదు. ఈ ఆదివారం ఓ నోట్‌బుక్కు తీసుకుని రామగిరి గుట్ట ఎక్కండి. పైనుంచి ఏం కనిపిస్తుందో గీయండి. అదే మీ రాజ్యానికి మొదటి పేజీ.