డిజిటల్ ఎస్ఎల్ఆర్ కెమెరా: ఫోకస్ ఎక్కడ పెట్టాలి?

మన హాస్టల్లో చదివి డిగ్రీ పూర్తిచేసిన తమ్ముళ్ళు ఏదో ఒక కోర్సు కోసం అమీర్‌పేట చేరడం, ఒక్క రూములో ఐదుగురు సర్దుకోవడం, ఖర్చులకి పని వెతుక్కోవడం అందరికీ తెలిసిన సంగతే. ఈ మధ్య కెమెరా పని గురించి అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, చీరకట్టు ఫంక్షన్లు ఎక్కువగా సెలవు రోజుల్లోనే ఉంటాయి కాబట్టి క్లాసులు పోవు. నేను కూడా ఎం.ఎ. చదువుతూ రెండేళ్ళుగా పంజాగుట్టలో ఒక ఫొటోగ్రాఫర్ దగ్గర రెండో కెమెరా పట్టుకుంటున్నాను. సంచికకి ఏదైనా రాయమన్నప్పుడు చేతిలో ఉన్న విద్య గురించి రాయడమే మంచిదనిపించింది.

కొత్తగా వచ్చినవాళ్ళంతా అడిగేది ఒకటే. "అన్నా, ఆటోఫోకస్ ఉన్నది కదా, ఇగ నేర్చుకునేదేమున్నది?" ఉంది. ఆటోఫోకస్ అంటే ఫోకస్ దానంతట అది కుదురుతుందనే గాని, ఎవరి మీద కుదరాలో దానికి తెలుస్తుందని కాదు. తాళి కట్టే క్షణం ఒక్కసారే వస్తుంది. అప్పుడు కెమెరా పెళ్ళికూతురి ముఖాన్ని వదిలేసి వెనక మండపం పూలను పట్టుకుంటే, మళ్ళీ కట్టమని అడగలేం.

ముందు అది ఎలా పనిచేస్తుందో చూద్దాం. మీ చూపుడువేలు ముఖానికి ఎదురుగా నిలబెట్టి, ఒకసారి ఎడమ కన్ను, ఒకసారి కుడి కన్ను మూయండి. వేలు పక్కకి గెంతినట్టు కనబడుతుంది. వేలు దగ్గరికి తెస్తే ఎక్కువ గెంతుతుంది, దూరం పెడితే తక్కువ. ఎస్ఎల్ఆర్ కెమెరా చేసేది దాదాపు ఇదే. లెన్స్‌లోంచి వచ్చే వెలుగులో ఎక్కువ భాగం అద్దం మీద పడి పైకి, మనం కన్ను పెట్టే వ్యూఫైండర్‌కి పోతుంది. కొంచెం వెలుగు మాత్రం ఆ అద్దం మధ్యలోంచి దూరి, వెనక ఉన్న చిన్న అద్దం మీద పడి కింది ఫోకస్ సెన్సర్‌కి చేరుతుంది. అక్కడ లెన్స్ ఒక పక్కనుంచి వచ్చిన బొమ్మనీ, రెండో పక్కనుంచి వచ్చిన బొమ్మనీ పోల్చి చూస్తుంది. రెండూ ఒకదానిమీద ఒకటి సరిపోతే ఫోకస్ కుదిరినట్టు. సరిపోకపోతే ఎటువైపు, ఎంత జరిగి ఉన్నాయో లెక్కగట్టి లెన్స్‌లోని మోటారును తిప్పుతుంది. కన్ను ఆర్పేలోపు జరిగిపోతుంది.

దీనికి చరిత్ర కూడా ఉంది. 1886లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టిన రాజా దీన్‌దయాళ్ కాలంలో నల్లగుడ్డ కప్పుకుని, అద్దం మీద బొమ్మ చూస్తూ చేత్తో ఫోకస్ కుదుర్చుకోవాల్సిందే. ఆటోఫోకస్‌తో మామూలు జనానికి అమ్మిన తొలి కెమెరా 1977లో కోనికా కంపెనీది. ఎస్ఎల్ఆర్‌లో దీన్ని అందరికీ అలవాటు చేసింది 1985లో వచ్చిన మినోల్టా 7000. దాని మీద హనీవెల్ కంపెనీ పేటెంట్ కేసు వేసి గెలిచింది. 1992లో మినోల్టా 12.75 కోట్ల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. మన వేలికింద అరక్షణంలో అయిపోయే పని విలువ అంత!

ఇప్పుడు అమీర్‌పేటకి వద్దాం. అభ్యాసానికి ఇంతకన్నా మంచి చోటు లేదని నా అభిప్రాయం. మైత్రీవనం పక్క సందుల్లో నిలబడితే కింది నుంచి పైదాకా బోర్డులే. మీ స్నేహితుణ్ణి ఒక ఫ్లెక్సీ ముందు నిలబెట్టి, కెమెరాను కొనుక్కొచ్చినప్పుడు ఉన్నట్టే ఉంచి ఫొటో తీయండి. చాలాసార్లు అతని ముఖం మసగ్గా, వెనక కోర్సు పేరు మాత్రం తళతళలాడుతూ వస్తుంది. కారణం ఏమిటంటే, రెండు బొమ్మలను పోల్చాలంటే ఆ సెన్సర్‌కి పట్టుకోవడానికి గీతలు, అంచులు కావాలి. తెల్లటి ఫ్లెక్సీ మీద నల్లటి అక్షరం కన్నా మంచి అంచు ఏముంటుంది? సాదా చొక్కాలో, చెంపల్లో అంచులుండవు. అలాగే కరపత్రాలు పంచే కుర్రాడు చెయ్యి ముందుకి చాపితే కెమెరా అతన్ని కాక, చేతిలోని కాగితాన్ని పట్టుకుంటుంది. కాగితం దగ్గరగానూ ఉంది, దాని మీద అక్షరాలూ ఉన్నాయి మరి. ఇడ్లీ బండి దగ్గర ఆవిరిలోకి కెమెరా పెడితే ఇంకో తమాషా. పట్టుకోవడానికి ఏమీ దొరక్క లెన్స్ ముందుకీ వెనక్కీ గిర్రున తిరుగుతూనే ఉంటుంది.

అందుకే మొదట చెయ్యాల్సిన పని, ఫోకస్ పాయింట్ ఎన్నుకునే పెత్తనం కెమెరా చేతిలోంచి తీసుకోవడం. వ్యూఫైండర్‌లో చిన్నచిన్న గుర్తులు కనబడతాయి కదా, అవే పాయింట్లు. కెనాన్ 1500డిలో 9, నికాన్ డి3500లో 11 ఉంటాయి. అన్నీ పనిచేసేలా వదిలేస్తే ఏది పట్టుకోవాలో కెమెరానే నిర్ణయిస్తుంది. కెనాన్‌లో వెనక కుడిచేతి పై మూలనున్న బటన్ నొక్కి, నికాన్‌లో ఏఎఫ్ ఏరియాను సింగిల్ పాయింట్‌కి మార్చి, ఒక్క పాయింటే పెట్టుకోండి. మొదటి నెల మధ్య పాయింట్ చాలు. దాన్ని మనిషి కంటి మీద ఉంచి షట్టర్ బటన్ సగం నొక్కండి. బీప్ వస్తుంది. వేలు తీయకుండా ఫ్రేము సర్దుకుని పూర్తిగా నొక్కండి.

మధ్య పాయింటే ఎందుకంటే 1500డి లాంటి కెమెరాల్లో అదొక్కటే నిలువు గీతలనూ, అడ్డ గీతలనూ రెంటినీ చూడగలదు. పక్కనున్నవి ఒకే దిక్కు గీతలను చూస్తాయి. అడ్డచారల చీర మీద పక్క పాయింట్ మొరాయిస్తే కెమెరా పాడైందని భయపడకండి. కెమెరాను కొంచెం ఏటవాలుగా వంచి, ఫోకస్ కుదిరాక మళ్ళీ నిటారుగా పట్టుకోండి. ఇంకొకటి, ఈ రకం కెమెరాల్లో వెనక స్క్రీన్ చూస్తూ తీస్తే ఫోకస్ నిదానిస్తుంది. అద్దం పైకి లేచిపోతుంది కాబట్టి కింది సెన్సర్‌కి వెలుగు అందదు, కెమెరా వేరే పద్ధతిలో వెతుక్కోవాలి. ఫంక్షన్లలో కన్ను వ్యూఫైండర్‌కే ఆనించండి. అందులో చూస్తే అంతా మసగ్గా ఉందా? వ్యూఫైండర్ పక్కన చిన్న చక్రం ఉంటుంది, అది మీ చూపుకి సరిపడేలా తిప్పుకోండి. కళ్ళద్దాలున్న తమ్ముళ్ళు కెమెరా చేతికి రాగానే చెయ్యాల్సిన మొదటి పని ఇదే.

ఇక కదిలే మనుషుల సంగతి. వన్ షాట్ అనే పద్ధతిలో (నికాన్‌లో ఏఎఫ్-ఎస్) సగం నొక్కగానే ఫోకస్ అక్కడే తాళం పడిపోతుంది. కూర్చున్నవాళ్ళకి ఇది బాగుంటుంది. ఏఐ సర్వోలో (నికాన్‌లో ఏఎఫ్-సి) వేలు నొక్కి ఉంచినంతసేపూ కెమెరా ఆ మనిషిని వెంటాడుతూ ఫోకస్ మారుస్తుంటుంది. బారాత్‌లో డాన్సు, మన స్పోర్ట్స్ డేలో పరుగుపందెం దీంతోనే తీయాలి. నేర్చుకోవడానికి పంజాగుట్ట చౌరస్తా దగ్గర ఫుట్‌పాత్ మీద నిలబడి మనవైపు వచ్చే బస్సుల్ని, బైకుల్ని ఎన్నుకోండి. షట్టర్ 500వ వంతు సెకను పెట్టి, పాయింట్‌ను బస్సు నంబరు బోర్డు మీదే నిలిపి వరసగా పది తీయండి. మొదటిరోజు రెండు మూడు కుదిరినా సంతోషించండి. ఒక్క మాట, అక్కడికి దగ్గర్లోనే నిమ్స్ ఉంది. ఆ గేటు దగ్గర కూర్చున్న రోగుల బంధువుల వైపు మాత్రం కెమెరా తిప్పకండి. వాళ్ళ కష్టం మన అభ్యాసానికి కాదు.

ఫొటో మసకైతే తప్పు ఫోకస్‌దేనా, చెయ్యి కదలడమా? కనిపెట్టడం సులువు. స్క్రీన్ మీద పెద్దది చేసి చూడండి. ముఖం మసగ్గా ఉండి, ముందో వెనకో ఇంకేదో స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పు చోట పడింది. ఎక్కడా ఏదీ స్పష్టంగా లేక, దీపాలు చుక్కలకి బదులు గీతల్లా ఉంటే చెయ్యి కదిలింది. 50 మి.మీ. లెన్స్‌కి కనీసం 80వ వంతు సెకను, నడిచే మనుషులకి 250వ వంతు ఉండేలా చూసుకోండి. చీకటైతే ఐఎస్ఓ పెంచండి. గింజలు పడ్డ ఫొటోని ఎవరైనా గుర్తుపడతారు, కదిలిన ఫొటోని గుర్తుపట్టలేరు.

లెన్స్ మీద ఏఎఫ్, ఎంఎఫ్ అని స్విచ్ ఉంటుంది. అద్దెకు తెచ్చిన కెమెరాలో ముందు అది చూడండి, ఎవరో ఎంఎఫ్‌లో వదిలేసి ఉండవచ్చు. స్విచ్ ఏఎఫ్‌లో ఉండగా 18-55 లెన్స్ ముందు రింగును బలవంతంగా తిప్పితే లోపలి పళ్ళచక్రాలు దెబ్బతింటాయి, డిపాజిట్ పోతుంది. స్టెబిలైజర్ అనే రెండో స్విచ్ చేత్తో తీసేటప్పుడు ఆన్‌లో, ట్రైపాడ్ మీద ఆఫ్‌లో ఉండాలి. అది మన చెయ్యి వణుకునే ఆపుతుంది గాని ఎదుటి మనిషి కదలికను ఆపదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది అపెర్చర్, అంటే లెన్స్ లోపలి కన్నం. ఎఫ్ 1.8 అంటే పెద్ద కన్నం, ఎఫ్ 8 అంటే చిన్నది. అంకె పెరిగితే కన్నం తగ్గుతుంది, ఇదే మొదట్లో తికమక. పెద్ద కన్నం వెలుగుని బాగా లోపలికి రానిస్తుంది, వెనకదంతా మెత్తగా కరిగిపోయి ఫొటో అందంగా ఉంటుంది. అందుకే అందరూ 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్ వెంటపడతారు. కాని స్పష్టంగా ఉండే లోతు బాగా తగ్గిపోతుంది. 1500డి లాంటి కెమెరాలో ఆ లెన్స్‌తో 3 మీటర్ల దూరంలో ఉన్న మనిషి మీద ఫోకస్ పెడితే, ఎఫ్ 1.8లో సుమారు 25 సెంటీమీటర్ల లోతే స్పష్టంగా ఉంటుంది. ఎఫ్ 8లో అదే మీటరు దాటుతుంది.

ఇది మన గ్రూపు ఫొటోల్లో ఏం చేస్తుందో చూడండి. ముందు కుర్చీల్లో అతిథులు, వార్డెన్ సారు. వెనక నిలబడ్డవాళ్ళు. ఆ వెనక బెంచీ ఎక్కినవాళ్ళు. వరుసకి ఐదుగురు. అదే 50 మి.మీ. లెన్స్‌తో 6 మీటర్ల దూరం నుంచి, ఎఫ్ 1.8లో, అతిథి ముఖం మీద ఫోకస్ పెట్టి నొక్కారనుకోండి. ఐదున్నర మీటర్ల నుంచి ఆరున్నర మీటర్ల దాకానే స్పష్టంగా ఉంటుంది. బెంచీ మీదివాళ్ళు కుర్చీలకి మీటరుకి పైగా వెనక ఉంటారు. వాళ్ళ కళ్ళూ ముక్కూ మెత్తబడిపోతాయి. సంచికలో చిన్నదిగా అచ్చువేస్తే ఎవరు ఎవరో తెలియదు. అదే లెన్స్ 18-55 అయితే 35 దగ్గర పెట్టి, ఎఫ్ 5.6లో, రెండో వరుస మీద ఫోకస్ పెడితే సుమారు 4 మీటర్ల నుంచి 12 మీటర్ల దాకా అందరూ వస్తారు. సాయంత్రం డైనింగ్ హాల్లో ట్యూబులైట్ల కింద తీయకుండా పొద్దున్నే చెట్టు నీడలో తీస్తే వెలుగు కొరతా ఉండదు.

వెనక వరుస గురించి ఇంత సాగదీయడానికి కారణముంది. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. మా నానమ్మ ఫొటో అంటూ మా ఇంట్లో ఉన్నది ఒక్కటే. మా అమ్మానాన్నల పెళ్ళిలో తీసింది. ముందు నిలబడ్డ పెద్దమనుషుల మీసాలు వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టవచ్చు. చివర్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డ నానమ్మ ముఖం మాత్రం మసక. మా చెల్లెలు ఆమె పోలికే అంటారు. పోల్చి చూద్దామంటే కుదరదు. ఎంత మంచి కంప్యూటర్ ఉన్నా, కెమెరాలో పడని ముఖాన్ని తర్వాత తెచ్చిపెట్టలేం. ఊహించి గీసిపెట్టగలదు, కాని అది నానమ్మ కాదు.

గ్రూపు ఫొటో తీశాక స్క్రీన్ మీద పెద్దది చేసి, చివరి వరుసలో ఆ కొసవాణ్ణీ ఈ కొసవాణ్ణీ చూడండి. చూసేదాకా ఎవర్నీ బెంచీ దిగనివ్వకండి.

కొనేవాళ్ళకి రెండు మాటలు. కంపెనీలు ఇప్పుడు అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు మళ్ళాయి. అవి కంటిని వాటంతట అవే వెతికి పట్టుకుంటాయి. అయినా పదిమందిలో ఎవరి కన్నో మనమే చెప్పాలి. దానివల్ల మనకి మేలేమిటంటే పాత ఎస్ఎల్ఆర్‌లు సెకండ్‌హ్యాండ్‌లో తక్కువకి దొరుకుతున్నాయి. కెనాన్ వాళ్ళు 1987లో ఈఓఎస్ కెమెరాలు తెచ్చినప్పటి నుంచి ఫోకస్ మోటారు లెన్స్‌లోనే పెట్టారు. నికాన్‌లో అలా కాదు. డి3000, డి5000 వరుస కెమెరాల్లో మోటారు లేదు. వాటికి పాత 50 మి.మీ. ఎఫ్ 1.8డి లెన్స్ తగిలిస్తే చేత్తో తిప్పుకోవాల్సిందే. లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ అని ఉందో లేదో చూసి తీసుకోండి.

డబ్బు ఇచ్చేముందు అక్కడే ఒక పరీక్ష చెయ్యండి. దినపత్రికను బల్ల మీద పరిచి, మధ్యలో ఒక వార్త పక్కన పెన్నుతో గీత గీయండి. కెమెరాను స్థిరంగా ఆనించి ఏటవాలుగా చూస్తూ, అతి పెద్ద కన్నంతో, మధ్య పాయింట్‌ను ఆ గీత మీద పెట్టి ఐదారు ఫొటోలు తీసి, పెద్దవి చేసి చూడండి. గీత దగ్గరి అక్షరాలు స్పష్టంగా ఉంటే లెన్స్ మంచిది. ప్రతిసారీ దానికి ముందు వరుసలో, వెనక వరుసలో స్పష్టంగా వస్తుంటే ఆ లెన్స్ మీ కెమెరాకి సరిపడలేదు. చిన్న కెమెరాల్లో దాన్ని సరిచేసుకునే సెట్టింగ్ ఉండదు, కాబట్టి ఎంత తక్కువకి ఇస్తామన్నా తీసుకోకండి.