వేసవిలో తోటలకు అగ్నిభయము – ఎండుగడ్డిని ముందే తొలగించుట

అడవి అంచున, కొండవాలున మామిడి, జీడిమామిడి తోటలు గల రైతులకు ఫిబ్రవరి మొదలు మే వరకు అగ్నిభయము ఉండును. పదేండ్లు పెంచిన చెట్లు ఒక్క మధ్యాహ్నములో మాడిపోవచ్చును. మంటకు గాలి, వేడి, కాలెడు పదార్థము మూడును కావలెను. గాలిని, ఎండను మనము ఆపలేము. మన చేతిలో నున్నది మూడవది మాత్రమే.

మంటను పరుగెత్తించునవి దుంగలు, మొద్దులు కావు. ఎండుగడ్డి, రాలిన ఆకు, సన్నని పుల్లలు. ఇవి త్వరగా ఆరి, ఇట్టే అంటుకొనును. వానకాలపు గడ్డిని పచ్చి పూర్తిగా పోకముందే కోసినచో పశువులకు మేత. మార్చివరకు విడిచినచో అదే మంటకు మేత. కనుక సంక్రాంతిలోపల ఈ క్రింది పనులు ముగించుకొనవలెను.

1. వానలు వెనుకపట్టిన తరువాత హద్దు వెంట పదడుగుల వెడల్పున గడ్డి లేకుండ దున్నవలెను, లేదా పారతో చెక్కవలెను. మంట వాలు మీద ఎగువకు వేగముగా ప్రాకును. అందుచే దిగువ హద్దున ఈ బాటను మరింత వెడల్పు చేయవలెను. తోటనంతటిని దున్నరాదు. వాలునేలలో తొలకరి వానలకు మన్ను కొట్టుకొనిపోవును.

2. బాటకు లోపలివైపు గడ్డిని మొదలంట కోయవలెను. గాలికి నిప్పురవ్వ బాట దాటి పడినను, మంట పొట్టిగా నుండి ఆర్పుటకు వీలగును.

3. నేలను తాకు కొమ్మల ద్వారా గడ్డిమంట చెట్టుపైకి ఎక్కును. ఏటా కాయకోత అయిన వెంటనే అట్టి కొమ్మలను తీసివేయవలెను.

4. రాలిన ఆకును కాల్చక, గుంతలో పేడనీటితో కుళ్ళబెట్టినచో మంచి ఎరువగును. తేమ నిలుచుటకు పాదులలో ఆకు పరచువారు చెట్టు మొదలుకు అడుగు దూరము విడిచి, ఆకుపై మన్ను కప్పవలెను.

5. గడ్డివాము, మోటారు షెడ్డు చుట్టును ఇట్లే శుభ్రము చేయవలెను.

గట్లకు నిప్పు పెట్టి శుభ్రము చేయు అలవాటును మానవలెను. గాలి తిరిగినచో ఆ నిప్పు మన అదుపులో నుండదు. రిజర్వు అడవికి నిప్పు పెట్టుట 1967 అటవీ చట్టము క్రింద నేరము కూడ.

ఒక్కరి తోట శుభ్రముగా నున్నంత మాత్రమున చాలదు. ఇరుగుపొరుగు రైతులు కలిసి ఉమ్మడి హద్దున ఒకే బాట తీసికొన్నచో కూలి ఖర్చు తగ్గును, రక్షణ పెరుగును. మంట కనిపించిన వెంటనే అగ్నిమాపక దళమునకు 101 నంబరుకు తెలుపవలెను.