గాబరాకు తక్కువ డోసు మందు: మొదటి రెండు వారాలు

ఆందోళన జబ్బుకు ఇవాళ డాక్టర్లు ముందుగా రాసేది డిప్రెషన్ మందులనే. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, పారాక్సిటిన్, ఫ్లూయాక్సిటిన్ ఈ కోవలో తరచు కనిపించే పేర్లు. చీటీలో రాసిన మందు డిప్రెషన్‌కని మందుల షాపులో తెలిస్తే రోగి కంగారుపడతాడు, ఇంట్లోవాళ్లు అంతకంటే ఎక్కువ కంగారుపడతారు. అది పొరపాటున రాసిన మందు కాదు. 1957లో స్విట్జర్లాండులో రోలండ్ కూన్ డిప్రెషన్‌కు పనిచేస్తుందని చూపిన ఇమిప్రమైన్, ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయాన్ని కూడా తగ్గిస్తోందని 1960ల తొలినాళ్లలోనే న్యూయార్క్‌లో డొనాల్డ్ క్లైన్ గమనించాడు. తర్వాత అంతకంటే సురక్షితమైన మందులు వచ్చాయి. వాటిలో ఫ్లూయాక్సిటిన్‌కు 1987 డిసెంబరులో అమెరికాలో అనుమతి దొరికింది.

నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతంలో ఈ జబ్బుతో ఉన్నవాళ్లు మానసిక వైద్యుడి దగ్గరికి నేరుగా వెళ్లడం అరుదు. చెవిటికల్లులోనైనా, పక్కనున్న కంచికచర్లలోనైనా రోగి నోట మొదట వచ్చే మాట గుండెదడ. ఛాతీ పట్టేసినట్టుందనీ, ఊపిరి ఆడడం లేదనీ, కాళ్లూ చేతులూ లాగేస్తున్నాయనీ చెబుతారు. ఆర్‌ఎంపీ సెలైన్ పెడతాడు. తగ్గకపోతే నందిగామలోనో, విజయవాడలోనో ఈసీజీ తీయిస్తారు. గుండె బాగానే ఉందని తేలాక ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, రోగికి మాత్రం దడ అలాగే ఉంటుంది. జబ్బు లేదని చెప్పినంత మాత్రాన బాధ లేకుండా పోదు కదా.

గుండె బాగుందని తెలిసినా మందు మొదలుపెట్టే ముందు చూడవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా, షుగరు పడిపోయినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. పత్తి, మిర్చి వేసే ఊళ్లలో అడిగి తీరవలసిన ప్రశ్న మరొకటి ఉంది: చెమటలు, తలతిప్పు, వాంతులు చేలో పురుగుమందు కొట్టిన రోజుల్లోనే వస్తున్నాయా? వస్తుంటే అది ఆందోళన జబ్బు కాకపోవచ్చు, పురుగుమందు ఒంటికి తగిలి ఉండవచ్చు. ఇవేవీ కావని తేలి, అదుపు చేసుకోలేని దిగులు ఆరు నెలలకు పైగా ఉండి, నిద్రనూ పనినీ చెడగొడుతుంటే దాన్ని ఆందోళన జబ్బుగా లెక్కిస్తారు.

మందు తక్కువ డోసుతో మొదలుపెట్టడానికి గట్టి కారణమే ఉంది. ఈ మందులు మెదడులో కణానికీ కణానికీ మధ్య సెరటోనిన్ అనే రసాయనం ఎక్కువసేపు నిలిచేలా చేస్తాయి. ఆ మార్పు గంటల్లోనే మొదలవుతుంది. మెదడు దానికి అలవాటుపడి భయం తగ్గడానికి మాత్రం వారాలు పడుతుంది. ఈలోపు కొందరిలో దడ, చిరాకు, స్థిమితం లేకపోవడం ముందుకంటే పెరుగుతాయి. ఆందోళన ఉన్నవాళ్లు ఒంట్లో వచ్చే ప్రతి చిన్న మార్పునూ పట్టిపట్టి చూసుకుంటారు కాబట్టి వాళ్లకు ఇది మరీ కష్టం. అందుకే చాలామంది డాక్టర్లు ఎస్సిటాలోప్రామ్‌ను 5 మిల్లీగ్రాములతో, సెర్ట్రలిన్‌ను 25 మిల్లీగ్రాములతో ప్రారంభించి, వారం గడిచాక 10కీ, 50కీ పెంచుతారు. మొదటి డోసు జబ్బును తగ్గించడానికి తరచుగా చాలదు. ఒంటికి మందు అలవాటు చేయడమే దాని పని.

వైద్యం చాలాసార్లు తెగిపోయేది ఇక్కడే. మందు వేసుకున్న రెండో రోజో మూడో రోజో కడుపులో తిప్పుతుంది, తలనొప్పి వస్తుంది, విరేచనం పలచబడుతుంది. కొందరికి నిద్ర పట్టదు, కొందరికి పగలంతా మగతగా ఉంటుంది. ‘ఈ మందు నాకు పడలేదు’ అని మాత్రలు అటక మీద పడేస్తారు. ఇంకో వారం పది రోజులు ఓర్చుకుంటే ఈ ఇబ్బందుల్లో చాలావరకు వాటంతటవే తగ్గేవి. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తక్కువగా ఉంటుంది. నిద్ర పట్టనివాళ్లు పొద్దున్న, మగత వచ్చేవాళ్లు రాత్రి వేసుకోవచ్చు. ఈ నాలుగు మాటలూ చీటీ రాసేటప్పుడే చెప్పడం డాక్టరు బాధ్యత. చెప్పకుండా పంపితే మంచి మందు కూడా వృథా అవుతుంది. గుణం రెండో వారం నుంచి ఆరో వారం లోపు కనిపించడం మొదలవుతుంది, పూర్తిగా తెలియడానికి మూడు నెలలు పట్టవచ్చు.

ఆ మొదటి వారాలు గడవడానికి కొందరు డాక్టర్లు క్లోనజిపామ్ లాంటి మాత్ర కలిపి ఇస్తారు. అది గంటలోనే హాయినిస్తుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. రోగి దాన్నే అసలు మందనుకుని నెలల తరబడి కొనుక్కుంటాడు. ఈ జాతి మాత్రలకు ఒళ్లు అలవాటుపడుతుంది, డోసు పెంచాలనిపిస్తుంది, ఆపితే నిద్ర ఉండదు. ఇదే జాతికి చెందిన ఆల్‌ప్రజోలామ్‌ను హెచ్‌1 షెడ్యూలులో పెట్టి, అమ్మిన ప్రతిసారీ షాపువాళ్లు రిజిస్టరులో రాయాలన్న నిబంధన తెచ్చింది ఇందుకే. రెండు నుంచి నాలుగు వారాలు దాటి వీటిని వాడవలసి వస్తే ఎందుకని డాక్టరును అడగాలి.

డాక్టరుకు దాచకుండా చెప్పవలసినవి ఉన్నాయి. ఎప్పుడైనా రోజుల తరబడి నిద్ర లేకుండా విపరీతమైన హుషారుగా ఉన్న చరిత్ర ఉంటే డిప్రెషన్ మందులతో ఆ స్థితి తిరగబెట్టవచ్చు. వయసు పైబడి, బీపీకి మూత్రం ఎక్కువగా పోయే మాత్ర కూడా వాడేవాళ్లలో రక్తంలో సోడియం పడిపోవచ్చు. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ తరచుగా మింగేవాళ్లకు కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ట్రమడాల్‌తో కలిపితే ఇంకో రకం ప్రమాదం. లైంగిక కోరిక తగ్గడం ఈ మందుల్లో మామూలుగా కనిపించే ఇబ్బందే. సిగ్గుపడి మందు మానేయడం కంటే చెబితే మార్గం ఉంటుంది. 25 ఏళ్లలోపు వాళ్లను మొదటి వారాల్లో ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి. చచ్చిపోవాలన్న మాట వారి నోట వస్తే అదే రోజు డాక్టరుకు చూపించాలి.

జీవితాంతం మింగాలన్న భయం చాలామందిలో ఉంది. బాగున్నాక ఆరు నెలల నుంచి ఏడాది దాకా కొనసాగించి, తర్వాత మెల్లగా తగ్గిస్తూ ఆపడం సాధారణ పద్ధతి. ఒక్కసారిగా ఆపితే తలతిప్పు, కరెంటు షాకు తగిలినట్టు జలదరింపు వస్తాయి. అవి వ్యసనానికి గుర్తులు కావు, తొందరపడి ఆపిన ఫలితం. మందుతోపాటు భయాన్ని ఎదుర్కోవడం నేర్పే కౌన్సెలింగ్ దొరికితే మరింత మేలు, పల్లెల్లో అది దొరకడమే కష్టం.

2015-16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో మానసిక జబ్బులున్న పెద్దలు నూటికి పదిమందికి పైగా ఉన్నారని తేలింది. ఆయా జబ్బుల్లో వైద్యం అందనివాళ్లు నూటికి 70 నుంచి 92 మంది. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, అయినా ఇక్కడి పరిస్థితి అంతకంటే మెరుగని అనుకోవడానికి ఆధారమేమీ కనబడదు. ఈ ప్రాంతం వాళ్లకు విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ ఫోను సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా డబ్బు ఖర్చు లేకుండా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మందు పడలేదనిపిస్తే మాత్రలు మానేసే ముందు రాసిన డాక్టరుకు ఒక్కసారి ఫోను చేయండి. ఆయన దొరక్కపోతే ఆ నంబరుకు చేయండి.